సగం చుట్ట కాలేంత సేపు

నా చెవులు తగ్గుతున్నాయన్న సంగతి నాకు మొదట తెలిసింది ట్రాక్టరు వల్ల. ఒకరోజు పొద్దున మెకానిక్ యాదగిరి షెడ్డులోంచి బండి తీసి వాకిట్లో నిలబెట్టి, ఇంజను ఆపకుండానే కిందికి దిగాడు. "ఈసారి ఇంజను బాగా చేశావయ్యా, ఎంత మెత్తగా నడుస్తోందో" అని మెచ్చుకున్నాను. అతను ఒక్క క్షణం నా మొహంకేసి చూసి, దగ్గరికి వచ్చి గొంతు పెంచాడు. "నేనింకా ఇంజన్ల చెయ్యే పెట్టలేదమ్మా. అది ఎప్పటిలెక్కనే మొత్తుకుంటున్నది" అన్నాడు. ఆ నెలలోనే ఖమ్మం డాక్టరు చెవికి పెట్టుకునే మిషను రాసిచ్చాడు. తెచ్చుకున్నాను. అది డబ్బాలోనే ఉంది. ఒక్క మనిషి ఉండే ఇంట్లో ఎవరి మాట వినాలని పెట్టుకోవడం?

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట, పామాయిల్ తోట అంచున రెండు గదులు, ఒక వంట వసారా, ఎదురుగా రేకుల షెడ్డు. ఖమ్మంలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయిన ఏడాదికి టౌనులో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేశాను. "అడవి పక్కన ఒక్కదానివే ఎలా ఉంటావు" అని అడిగినవాళ్లతో "టౌనులో ఎలా ఉన్నానో అలాగే" అన్నాను. అది పొగరుకొద్దీ అన్న మాట. నిజం చెప్పాలంటే, సాయంత్రం నాలుగు దాటాక గేటు కనబడేలా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వచ్చేవాళ్లెవరూ లేరని నాకు తెలుసు, అయినా కుర్చీ తిప్పి వేసుకోను.

ఈ ట్రాక్టరు మా పెద్దనాన్నది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, బండి మాత్రం ఇంకా నడుస్తోంది. పామాయిల్ గెలలు కోసిన రోజు వెనక ట్రక్కు తగిలించి, వాగు దాటించి, రోడ్డు మీదికి చేర్చడానికి కిరాయి డ్రైవరు వస్తాడు. మొన్నటి కోతకు వచ్చినవాడు బండి దిగి, "బ్రేకు మీద కాలు పెడితే బురదల పెట్టినట్టే ఉందమ్మా, మెల్లగ దిగిపోతంది. గిట్లయితే నేను వాగు దిగ" అన్నాడు. యాదగిరికి కబురు చేశాను. అతను సీటెక్కి రెండుసార్లు పెడల్ తొక్కి చూసి, దిగి, చేతులు తుడుచుకుంటూ, "మాస్టర్ సిలిండర్ అరిగిందమ్మా. మార్చాలె" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. ఆ మాట ఆ వాకిట్లో నేను ఇంతకుముందు విన్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని ఆ సంసారంలో పడ్డాడు. పిల్లలు లేని పెద్దనాన్న, పెద్దమ్మ నన్ను ఇక్కడికి తెచ్చుకున్నారు. పెద్దనాన్న వాళ్ల నాన్న ఎప్పుడో కృష్ణా అవతలి నుంచి వచ్చి ఇక్కడ పొలం చేసుకున్నవాడు. పెద్దనాన్న ఇక్కడే పుట్టాడు కాబట్టి ఇక్కడి మాటే మాట్లాడేవాడు. పెద్దమ్మ కోస్తా నుంచి కోడలిగా వచ్చింది. చివరిదాకా తన యాస వదల్లేదు, ఆయన యాసను వెక్కిరించడం కూడా వదల్లేదు. ఆ వెక్కిరింతలు ఆయనకు వినబడేవి కావు. ఏళ్ల తరబడి నీళ్ల ఇంజను పక్కన, సైలెన్సర్ ఊడిన ట్రాక్టరు మీద గడిపి నలభై ఐదేళ్లకే చెవులు పోగొట్టుకున్నాడు. చెవిటివాళ్లు గట్టిగా మాట్లాడతారంటారు. ఆయన అలా కాదు, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప, అవి కూడా పక్కనున్నవాళ్లకే వినపడేంత మెల్లగా.

కానీ ఆయన చేతికి వినబడేది. ఇనుము మీద ఎక్కడ చిన్న దెబ్బ పడ్డా, ఆ ఇనుము మీద చెయ్యి ఉంటే ఆయనకు తెలిసిపోయేది. అన్నానికి పిలవాలంటే పెద్దమ్మ షెడ్డు స్తంభానికి గరిటెతో రెండు దెబ్బలు కొట్టేది, అదే స్తంభానికి వీపు ఆనించి కూర్చున్న ఆయన లేచి వచ్చేవాడు. మంచం మీద పడుకున్న మనిషిని లేపాలంటే మంచం కోడు మీద తట్టేవాళ్లం. ప్రతి ఇంట్లో ఇలాగే పిలుచుకుంటారని చాలాకాలం నా నమ్మకం. తర్వాత ఖమ్మం హాస్టల్లో చేరాక, పక్కమ్మాయితో మాట్లాడే ముందు నేను మంచం ఇనుప కోడు మీద తడుతుంటే వాళ్లు నాకో పేరు పెట్టి నవ్వుకున్నారు.

ఆ రోజుల్లో చుట్టుపక్కల బండ్లన్నిటికీ కడ్డీ బ్రేకులే, మాది ఒక్కటే ఆయిల్ బ్రేకుల బండి. అరచేతిలో పట్టే ఒక ఇనుప గొట్టం, అందులో ముందుకూ వెనక్కూ కదిలే పిస్టన్, దానికి నాలుగైదు రబ్బర్లు, మాస్టర్ సిలిండరంటే ఇంతే. పెడల్ తొక్కితే అది ఆయిల్‌ను సన్నటి పైపుల్లోంచి వెనక చక్రాల దాకా నెట్టి బ్రేకు పట్టిస్తుంది. రబ్బరు అరిగితే ఆయిల్ లోపల్లోపలే వెనక్కి జారిపోతుంది. అప్పుడు కాలు కింద పెడల్ ఆగదు, నింపాదిగా కిందికి దిగిపోతుంది. విప్పి బిగించిన ప్రతిసారీ పైపుల్లో చేరిన గాలిని తీయాలి. దానికి ఇద్దరు మనుషులు ఉండి తీరాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, గాలి బుడగలు పోయాక బిగించాలి. కిందిది పెద్దనాన్న పని, పైన నేను. ఆయన వసారా గుమ్మం దగ్గరికి వచ్చి, "అమ్మడూ, కాలు కావాలె" అనేవాడు. మనిషి కావాలనేవాడు కాదు, కాలు కావాలనేవాడు. నేను పుస్తకం మూసి నా కాలు తీసుకుని వెళ్లేదాన్ని.

మా ఇద్దరికీ ఒక లెక్క ఉండేది. నా చేతిలో ఒక చిన్న పానా, కాలి కింద ఇనుప పలక. ఆ పలక మీద ఒక్క దెబ్బ కొడితే పెడల్ గట్టిగా నిలిచిందని అర్థం, రెండు దెబ్బలు కొడితే దిగుతోందని. కింద ఆయన ఎడమ అరచెయ్యి చక్రం మధ్య ఇనుము మీద పెట్టుకుని కూర్చునేవాడు. గాలంతా తీశాక చివర్లో ఒక పరీక్ష ఉండేది. నేను పెడల్‌ను బలంగా తొక్కి అలాగే పట్టాలి. ఆయన చక్రానికి ఆనుకుని చుట్ట వెలిగించేవాడు. సగం చుట్ట కాలేంత సేపు నా కాలు కింద పెడల్ కదలకుండా ఉంటే ఒక్క దెబ్బ కొట్టాలి. అప్పుడు ఆయన చుట్ట ఆర్పి, మిగతా సగాన్ని చెవి మీద పెట్టుకుని లేచేవాడు. ఆయన చెవులకు ఆ ఒక్క ఉపయోగమే మిగిలిందని పెద్దమ్మ అనేది. "డీజిలు చేతులతో చుట్ట ముట్టుకోకండని చెబితే వింటారా" అని గోడతో చెప్పుకునేది. వాకిలంతా డీజిలు వాసన, బ్రేకు ఆయిల్ తీపివాసన, చుట్ట పొగ. అడవి వైపు గాలి తిరిగితే ఎండాకాలంలో ఇప్పపువ్వు వాసన కూడా కలిసేది. ఇప్పటికీ నాకు నా చిన్నతనం అంటే ముక్కుకు ముందు తెలిసేది ఆ నాలుగూ కలిసిన వాసనే.

డీజిలు గురించి ఒక మాట చెప్పాలి. పెద్దనాన్నకు శుభ్రం అంటే డీజిలే. బోల్టు విప్పితే డీజిలులో కడగాలి, బేరింగు తీస్తే డీజిలులో నానెయ్యాలి. అల్యూమినియం బేసిన్లో డీజిలు పోసుకుని పీట మీద కూర్చుని ఒక్కో సామాను కుంచెతో తోముతుంటే, పూజ సామాను తోముతున్న పెద్దమ్మ ఆయన్ను చూసి మూతి తిప్పేది. నా పదిహేడో ఏట మిరపకోతల మధ్యలో బ్రేకు పాడైంది. "మాస్టర్ సిలిండర్ అరిగింది" అని, సత్తుపల్లి వెళ్లి కొత్త రబ్బర్లు తెచ్చాడు. తెచ్చినవాటిని కూడా అలవాటు ప్రకారం డీజిలులో కడిగాడు. బ్రేకు రబ్బరుకు డీజిలు తగిలితే ఉబ్బిపోతుందని ఆయనకు తెలియదు. బండికి వేసే ప్రతి సామానూ కడిగే వేసేవాడు, దీన్ని మాత్రం ఎందుకు వదులుతాడు?

ఆ మధ్యాహ్నం నేను ఇస్త్రీ చేసిన లంగా ఓణీ కట్టుకుని, జడ వేసుకుని, రెండింటి బస్సుకు సిద్ధంగా ఉన్నాను. నాతో చదివే అమ్మాయి, వాళ్ల అక్క, నేను సత్తుపల్లి వెళ్లి సినిమా చూడాలని వారం ముందే అనుకున్నాం. పెద్దనాన్న గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అమ్మడూ, కాలు కావాలె." పెద్దమ్మ లోపలి నుంచి, "ఆ పిల్ల ఊరెళ్తోంది, బట్టలు మసవుతాయి" అని అరిచింది. ఆయనకు వినబడలేదు. నేను ఓణీ చెంగు దోపుకుని సీటెక్కాను. గాలి తీయడం తొందరగానే అయిపోయింది. చివరి పరీక్ష మిగిలింది. ఆయన చుట్ట వెలిగించాడు.

పెడల్ దిగుతోంది. మొదట నా కాలే జారిందనుకున్నాను. సరిచేసుకుని మళ్లీ తొక్కి పట్టాను. మళ్లీ దిగింది, అన్నం ముద్దలోకి వేలు దిగినంత మెత్తగా. పానా నా చేతిలోనే ఉంది. రెండు దెబ్బలు కొడితే ఆయన మళ్లీ అంతా విప్పుతాడు, సాయంత్రం దాకా నా కాలు ఆ పెడల్ మీదే ఉంటుంది. రోడ్డు వైపు చూశాను. బస్సు మలుపు తిరిగే చోట దుమ్ము లేచింది. నేను ఒక్క దెబ్బ కొట్టాను.

ఆయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. లేచి, నా వైపు చూసి, తల ఊపాడు. బాగా చేశావని చెప్పాలంటే ఆయన అలాగే ఊపేవాడు. నేను దిగి పరుగెత్తాను. బస్సు దొరికింది. ఆ సినిమా కథ ఏమిటో ఇప్పుడు నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఆయన మిరప బస్తాల ట్రక్కు తగిలించుకుని బయలుదేరాడు. పెద్దమ్మ బియ్యం ఏరుతోంది, నేను బావి దగ్గర తల ఆరబెట్టుకుంటున్నాను. తోటలో కోతకు వచ్చే ఆడమనిషి ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ట్రాక్టర్ మామిడితోట కట్ట ఎక్కింది. పెద్దయ్య కాలు ఇరుక్కపోయింది" అంది. వాగు దిగే ఏటవాలులో బ్రేకు అందలేదు. ఎదురుగా కూలి మనుషులు పదిమంది వాగులోంచి పైకెక్కి వస్తున్నారు. వాళ్ల మీదికి పోనియ్యకుండా ఆయన బండిని పక్కకు తిప్పి మామిడి తోట కట్టకు కొట్టాడు. కూలివాళ్లెవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన కుడి మోకాలు నలిగిపోయింది. భద్రాచలం దవాఖానాలో నెలన్నర ఉన్నాడు. ఆ మోకాలు మళ్లీ వంగలేదు. తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ కాలును కర్రలాగా పక్కకు చాపుకునే కూర్చున్నాడు.

ఇంటికి తెచ్చిన మూడో రోజు ఆయన మంచం మీద కూర్చుని ఆ సిలిండర్ తెప్పించుకుని విప్పాడు. నన్ను ఒక కంచం తెమ్మన్నాడు. అందులో రబ్బర్లు ఒక్కొక్కటీ పేర్చాడు. అవి ఉబ్బి, ఒకటి అంచున చినిగి ఉంది. దాన్ని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు, నేను కంచం అంచు చూస్తున్నాను. "తప్పు నాదే. రబ్బర్లు డీజిల్ల కడిగిన" అన్నాడు మెల్లగా. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పాడు. ఊళ్లోవాళ్లు, చుట్టాలు, పక్క తోటవాళ్లు వచ్చినప్పుడల్లా, "డీజిల్ల కడిగిన, తప్పు నాదే" అని ఆయన చెబుతుంటే, వచ్చినవాళ్లకు నేను టీ గ్లాసులు అందించాను. కొందరు ఆయన తెలివితక్కువతనానికి నవ్వారు కూడా. నేను ఆ డీజిలు వెనకాల దాక్కున్నాను. సగం నిజం ఎదురుగా ఉంది కదా, మిగతా సగం అడిగేవాళ్లు ఎవరు అనుకున్నాను. అలా అనుకుంటూ నలభై ఏళ్లు పైనే గడిపాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత పెద్దనాన్న నన్ను ఎప్పుడూ కాలు అడగలేదు. జూన్‌లో ఖమ్మం కాలేజీలో చేరాను, హాస్టల్లో ఉన్నాను, కాబట్టి అడగలేదని సర్దిచెప్పుకున్నాను. కానీ సెలవులకు ఇంట్లోనే ఉండేదాన్ని. ఒక దసరా సెలవుల్లో కిటికీ దగ్గర కూర్చుని చదువుతున్నాను. వాకిట్లో ఆయన బ్రేకు పని పెట్టుకున్నాడు. వంగని కాలును చేత్తో ఎత్తి పెట్టుకుంటూ సీటు ఎక్కాడు. పెడల్ తొక్కి ఏదో చేసి దిగాడు. చక్రం దగ్గర కూర్చోవడానికి నేల మీదికి జారి, నట్టు తిప్పి, మళ్లీ లేచి, మళ్లీ ఎక్కాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చేతులూపింది. "పిలవకూడదూ, పిల్ల ఇంట్లోనే ఉందిగా." ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో. పెద్దమ్మ నా వైపు తిరిగి, "నువ్వైనా వెళ్లవే" అంది. "పరీక్షలున్నాయి పెద్దమ్మా" అన్నాను. ఎన్నిసార్లు ఎక్కాడో, ఎన్నిసార్లు దిగాడో లెక్కపెట్టలేదు. నా పుస్తకంలో పేజీ మాత్రం తిరగలేదు. ఆయన అడగనందుకు నాకు బరువు దిగినట్టుండేది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, అప్పుడు ఉన్నది అదే.

యాదగిరి సిలిండర్ మార్చడానికి వచ్చిన రోజు ఒక్కడే వచ్చాడు. అతనిది కొత్తగూడెం. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకుని కూడా బాయిలో పెట్టాలని చూస్తే ఇతను ట్రాక్టర్ల వెంట పడి దమ్మపేటలో షాపు పెట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, పాత బండ్లంటే ప్రాణం. పాత సిలిండర్ విప్పి లోపల వేలు పెట్టి చూపించాడు. "రబ్బర్లు మారిస్తే మళ్ల నెలకే వస్తదమ్మా. గొట్టం లోపల గీతలు పడ్డయి. మొత్తం కొత్తదే వేద్దాం." కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి తీస్తుంటే, "దానికి డీజిలు తగలనియ్యకు" అన్నాను. అతను నవ్వాడు. "నాకే చెప్తున్నరా? మీరు టీచర్ గాదు, హెడ్‌మాస్టర్ కావాల్సింది." బిగించడం అయ్యాక చుట్టూ చూశాడు. "గాలి తియ్యాలె. మా తమ్ముడు పెండ్లికి పోయిండు. ఇంకో మనిషి కావాలె, లేకుంటే పెడల్‌కు ఏదన్న ఆనిక పెట్టాలె" అంటూ షెడ్డులోకి పోయాడు. కాసేపటికి ఒక కర్ర పట్టుకుని వచ్చాడు.

ఆ కర్ర నాకు బాగా తెలుసు. ఒక చివర పంగ ఉన్న టేకు కర్ర. బట్టలు ఆరేసిన దండెం కిందికి జారితే పెద్దమ్మ దానితో ఎత్తి నిలబెట్టేది. ఆవిడ పోయాక నేనూ కొన్నాళ్లు దానితోనే దండెం ఎత్తాను. అది దండెం కర్రే అనుకున్నాను. యాదగిరి దాన్ని తిప్పి రెండో చివర చూపించాడు. అక్కడ టైరు ముక్క కోసి మేకులతో కొట్టి ఉంది. అతను సీటెక్కి, పెడల్ తొక్కి, టైరు ముక్క ఉన్న చివర పెడల్ మీద పెట్టి, పంగను సీటు కింది ఇనుప కమ్మీకి ఆనించాడు. వేలెడు కూడా తేడా లేకుండా కూర్చుంది. ఏళ్ల తరబడి రాసుకుని పంగ లోపలంతా నున్నగా మెరుస్తోంది.

"ఎవరు చేసిండ్రమ్మా ఇది? మస్తు తెలివి" అన్నాడు, నాకు వినపడేలా గొంతు పెంచి. "ఒక్కడే పనిచేసేటోడు చేసుకునే ముచ్చట ఇది. తొక్కి గిట్ల ఆనిస్తే పట్టుకోని ఉంటది. పెడల్ కొంచెం దిగిందనుకో, కర్ర పడిపోతది. ఇంకో మనిషితో పనే లేదు."

అతను అదే గొంతుతో మెచ్చుకుంటూనే ఉన్నాడు. "మనిషి కాలయితే ఒక్కోసారి అలిసిపోయి, గట్టిగనే ఉందంటది. కర్ర గట్ల అనదు గద."

అప్పుడు నాకు తెలిసింది. కంచంలో ఆ చినిగిన రబ్బరు చూసిన రోజే ఆయనకు తెలుసు. అంత ఉబ్బిన రబ్బరుతో పెడల్ సగం చుట్ట కాలేంత సేపు నిలవదని ఆయనకు తెలియకపోవడమేమిటి? పైన కాలు పెట్టిన మనిషికి అది తెలియకుండా ఉండదని కూడా ఆయనకు తెలుసు. తెలిసే, "తప్పు నాదే" అన్నాడు. తెలిసే, టేకు కొమ్మ కోసి, చెక్కి, టైరు ముక్క కొట్టి ఈ కర్ర చేసుకున్నాడు. నా మీద నమ్మకం పోయి చేశాడో, నాకు మళ్లీ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకూడదని చేశాడో నేను చెప్పలేను. రెండూ అయి ఉండవచ్చు. ఆయన్ను అడిగే వేళ దాటిపోయింది. ఆయన పోయేముందు నెల రోజులు నేను పక్కనే ఉన్నాను, మంచం కోడు మీద తట్టి మందులు ఇచ్చాను, ఈ ఒక్కటీ చెప్పలేదు. మనిషి ఉన్న ఇంట్లో, ఆ మనిషి చదువుకుంటూ కిటికీలోంచి చూస్తుండగా, ఆయన ఒక కర్రను తోడు చేసుకుని వంగని కాలితో అన్నేళ్లు ఎక్కి దిగాడు. నేను ఇప్పుడు నా ఒంటరితనం గురించి గేటువైపు చూస్తూ బాధపడుతుంటాను. నాకు కనీసం గేటు ఉంది. ఆయనకు గుమ్మంలోనే నేనుండి కూడా ఎవరూ లేరు.

"కర్ర తీసి పక్కన పెట్టు యాదగిరీ. కాలు నేనిస్తాను" అన్నాను. "వద్దమ్మా, మోకాళ్ల నొప్పులంటరు, ఎక్కలేరు" అన్నాడు. ఎక్కాను. కమ్మీ పట్టుకుని, ఒకచోట ఆగి ఊపిరి తీసుకుని ఎక్కాను. అతను కిందికి దూరి ఏదో అరిచాడు. నాకు వినబడలేదు. మళ్లీ అరిచాడు. చివరికి కింద నుంచి ఇనుము మీద పానాతో తట్టాడు. అది నా పాదానికి తెలిసింది. నా చేతికి ఒక పానా ఇమ్మని అడిగి, పాత లెక్క అతనికి చెప్పాను. ఒక్క దెబ్బ అంటే నిలిచింది, రెండు అంటే దిగుతోంది. "గిదేదో బాగుందమ్మా" అని మళ్లీ కిందికి దూరాడు.

గాలి పోయింది. పెడల్ గట్టిపడింది. అతను బయటికి వచ్చి, "అయిపోయింది, దిగుండ్రి" అన్నాడు. "ఇంకాసేపు పట్టి చూద్దాం" అన్నాను. "కొత్త సిలిండర్ గదమ్మా." "అయినా సరే." చుట్ట కాల్చేవాళ్లు లేరు కాబట్టి ఎంతసేపో నాకు నేనే లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది. పెడల్ పక్కన ఇనుప పలక మీద ఒక బోల్టు తల ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి పెడల్ అంచు ఆ బోల్టు కన్నా ఒక గింజెడు కిందికి వచ్చింది. నా కాలు వణికిందేమో అనుకున్నాను. సరిచేసుకుని మళ్లీ పట్టాను. మళ్లీ గింజెడు దిగింది. రెండు దెబ్బలు కొట్టాను.

యాదగిరి పెడల్ వంక, నా వంక చూశాడు. "మీ కాలు అలిసిందేమో." "కాలు కాదు, పెడలే దిగుతోంది." "మళ్ల విప్పితే ఒక పూట పోతది. రేపు పొద్దుగాల గెలల బండి పోవాలంటిరి." "పోకపోతే మానె. విప్పు." అతను గొణుక్కుంటూనే విప్పాడు. సిలిండర్‌కు పైపు బిగించే చోట రాగి వాషర్ పక్కకు కూర్చుని ఉంది, అక్కడ ఆయిల్ సన్నగా చెమ్మ కట్టింది. దాన్ని అతను వేలితో తుడిచి నాకు చూపించాడు. కొత్త వాషర్ వేసి, మళ్లీ గాలి తీసి, మళ్లీ నన్ను ఎక్కించేసరికి మధ్యాహ్నం మూడయింది. ఈసారి పెడల్ అంచు బోల్టు తల పక్కనే నిలబడింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. సగం చుట్ట కాదు, నిండు చుట్ట కాలేంత సేపు పట్టాను. ఒక్క దెబ్బ కొట్టాను.

"మంచిగైందమ్మా. ఇగ భయం లేదు" అని యాదగిరి సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. నేను వెంటనే దిగలేదు. వెనక చక్రం పక్కన నేల ఖాళీగా ఉంది. ఆయన అక్కడే కూర్చునేవాడు, ఎడమ చెయ్యి ఇనుము మీద పెట్టుకుని, నేనేం చెబుతానా అని. పెడల్ నిలిచే ఉంది, నా కాలికి మాత్రం అది ఆ రోజు దిగినట్టే ఉంది ఇంకా. పానా ఎత్తి పలక మీద రెండు దెబ్బలు కొట్టాను. గట్టిగానే కొట్టాను, ఆయన చేతికి తెలిసేటట్టు.

యాదగిరి చేతులకు సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, మళ్ల దిగిందా?"

"లేదయ్యా" అన్నాను. "ఇది పాతది."